ట్రాక్ కోసం ఆర్15: పాతది కొనాలా, కొత్తది కొనాలా?

నెల్లూరు పొదలకూరు రోడ్డులో ఉన్న మా మెకానిక్ షెడ్డుకి నెలకి ముగ్గురైనా ఇదే ప్రశ్నతో వస్తారు. ఫోన్ తీసి యమహా ఆర్15 బైకుల ఫొటోలు చూపిస్తారు. ఒకటి వీ2, ఒకటి వీ3, ఇంకొకటి వీ4. వీ అంటే వెర్షన్, ఆ బండిలో ఒక్కో తరం. ‘‘అన్నా, వీటిలో ఏది తీసుకోమంటావ్? ట్రాక్‌కి పోవాలని ఉంది’’ అంటారు. మొన్న అల్లూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ల నాన్నకి ఈసారి రొయ్యల గుంటల మీద నాలుగు డబ్బులు మిగిలాయట. లక్షా అరవై వేలు కొడుకు చేతిలో పెట్టి, బండికైనా సామానుకైనా ఇంతే అన్నాడట. ఏడాదంతా రాత్రిళ్లు గుంటల్లో నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్ల దగ్గర కాపలా కాసి సంపాదించిన డబ్బు అది. దాన్ని ఫొటో చూసి ఖర్చు పెట్టకూడదని ఆ అబ్బాయిని రెండు గంటలు కూర్చోబెట్టి మాట్లాడాను. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

నేను 2009లో వీ1 కొన్నాను, 2013లో వీ2 కొన్నాను. ఇప్పుడు నడుపుతున్నది 2019 మోడల్ వీ3. వీ4 సొంతంగా లేదు గానీ వారానికి రెండు మూడు నా చేతుల మీదుగా పోతుంటాయి. ఒక కస్టమర్ బండి మీద ట్రాక్‌లో ఒక రోజంతా తిరిగాను కూడా. నాలుగూ మంచి బండ్లే. కానీ ఎవరికి ఏది అన్నది వేరే సంగతి.

ముందు దారి సంగతి చూద్దాం. మనకి దగ్గర్లో ఉన్న రేస్ ట్రాక్ ఇరుంగట్టుకోట్టైలో ఉంది. చెన్నై పక్కన బెంగళూరు హైవే మీద, శ్రీపెరంబుదూరు దగ్గర. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా పోతే సుమారు 180 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్లకి ఇంకో 120 పైనే. తెల్లవారుజామున బయల్దేరి, పగలంతా ట్రాక్‌లో బండిని పిండి, సాయంత్రం ఒళ్లు పులిసిపోయాక మళ్లీ అదే బండి మీద హైవే ఎక్కి ఇంటికి రావాలి. చెన్నైలో ఉండేవాడికీ మనకీ తేడా ఇదే. వాడి బండి ట్రాక్ మీద బాగుంటే చాలు. మన బండి ట్రాక్ మీదా బాగుండాలి, చీకట్లో తడ దగ్గర లారీల మధ్యా బాగుండాలి.

అందుకే వచ్చినవాళ్లని ముందు నేను అడిగేది ఒక్కటే. బండి నడుపుకుంటూ పోతావా, టాటా ఏస్‌లో వేసుకుని పోతావా? నలుగురు స్నేహితులు కలిసి ఒక బండి అద్దెకి మాట్లాడుకుని, మూడు బైకులు ఎక్కించి తాళ్లు కట్టి తీసుకుపోయే వాళ్లు మన దగ్గర ఉన్నారు. వాళ్లకి నేను చెప్పే సలహా వేరు. ఒక్కడే నడుపుకుంటూ పోయేవాడికి చెప్పేది వేరు.

వీ1 గురించి ఎక్కువ చెప్పను, నాకు ఎంత ప్రేమ ఉన్నా సరే. 2008లో అది వచ్చినప్పుడు మన ఊళ్లో ఎవరూ అలాంటి బండి చూడలేదు. 150 సీసీలో నీటితో చల్లబడే ఇంజిన్, నాలుగు వాల్వులు, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆరు గేర్లు, డెల్టాబాక్స్ అనే యమహా ఫ్రేమ్. అన్నీ లక్ష లోపే. వెనక టైరు మాత్రం సన్నం, 100 సైజు. ఆ సన్నటి టైరు మీద బండి మలుపులో ఎంత తేలిగ్గా వాలుతుందో నడిపిన వాళ్లకే తెలుసు. బరువు కూడా 131 కిలోలే. కానీ 2008, 2009, 2010 బండ్లకి ఇప్పటికే పదిహేనేళ్లు నిండిపోయాయి. ఆర్సీ రెన్యువల్ చేయించాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ చేయించాలి. ఫెయిరింగ్, అంటే బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, ముక్క కావాలంటే చెన్నై పుదుపేట వీధుల్లో వెతుక్కోవాలి. మీ ఇంట్లోనే మామయ్యదో బాబాయిదో వీ1 ఉంటే బాగు చేయించుకుని ఉంచుకోండి. బయట నుంచి మాత్రం కొనకండి.

ఇక వీ2. 2011లో వచ్చింది. చూడ్డానికి వీ1కి అన్నలా ఉంటుంది కానీ కింద చాలా మారింది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ అల్యూమినియంది వచ్చింది, వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, పెరిగింది, వెనక 130 సైజు రేడియల్ టైరు వచ్చింది. ఇంజిన్ దాదాపు అదే, పవర్ 17 పీఎస్, ఇంజిన్ నిమిషానికి 8,500 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే దగ్గర. హ్యాండిల్ మరీ కిందకి ఉండదు కాబట్టి 180 కిలోమీటర్లు నడిపినా మణికట్లు లాగవు.

వీ2లో గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, స్లిప్పర్ క్లచ్ లేదు. ఈ రెండూ లేకపోవడమే దాని లోపం. అవి లేకపోవడం వల్లే అది పని నేర్పుతుంది కూడా. స్ట్రెయిట్ చివర మలుపు ముందు గట్టిగా బ్రేక్ పట్టారు అనుకోండి. బరువంతా ముందుకి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. సరిగ్గా అప్పుడే రెండు గేర్లు దించి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజిన్ వెనక చక్రాన్ని గుంజి పట్టుకుంటుంది. రోడ్డుకి సరిగ్గా ఆనని చక్రాన్ని గుంజితే అది టకటకా ఎగురుతుంది. స్లిప్పర్ క్లచ్ ఉంటే ఆ వెనక్కి గుంజే బలాన్ని ప్లేట్లు కొంచెం జారి తగ్గిస్తాయి. లేకపోతే ఆ పని మీ చేతులే చేయాలి. బ్రేక్ మీద వేళ్లు ఉండగానే, క్లచ్ పట్టిన ఆ అరక్షణంలో అరచేత్తో చిన్నగా రేస్ ఇచ్చి, ఆర్‌పీఎం కలిశాక క్లచ్ వదలాలి. నాకు ఇది పట్టుబడటానికి ఒక ఏడాది పట్టింది. 2014లో అది కుదరకే గడ్డిలోకి పోయి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు షెడ్డు మూసి కూర్చున్నాను. ఆ పని నేర్చుకున్న తర్వాత ఏ బండి ఎక్కినా నా చేతికి లొంగింది. అయినా రోడ్డు మీద నడుపుకుంటూ పోయే కుర్రాడికి వీ2 ఇవ్వమని నేను ఎవరికీ చెప్పను. రాత్రి పూట హైవేలో డివైడర్ సందు నుంచి ఒక గేదె అడ్డం వస్తే పాఠాలు నేర్చుకునే టైం ఉండదు. వీ2 ఏస్‌లో ఎక్కించుకుని పోయేవాళ్లకి, ట్రాక్‌కి తప్ప దేనికీ వాడని వాళ్లకి.

వీ3 దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే పదిమందిలో ఏడుగురికి నేను చెప్పేది ఇదే. 2018లో వచ్చింది. ఇంజిన్ 155 సీసీ అయింది. వీవీఏ అని కొత్త ఏర్పాటు వచ్చింది. లోపల ఇన్‌టేక్ వాల్వుని తెరిచే క్యామ్ మీద రెండు రకాల మిట్టలు ఉంటాయి. కింద ఆర్‌పీఎంలో చిన్న మిట్ట పని చేస్తుంది. 7,400 దాటగానే ఒక పిన్ను దూరి పెద్ద మిట్టకి మారుతుంది, వాల్వు ఎక్కువ తెరుచుకుంటుంది, గాలి ఎక్కువ పోతుంది. మీటరులో వీవీఏ అని అక్షరాలు వెలుగుతాయి. దీని వల్ల జరిగేదేమిటంటే, పాత బండి 8,500 దగ్గర అలిసిపోయే చోట ఇది 10,000 దాకా లాగుతూనే ఉంటుంది. 19.3 పీఎస్ అంటే రెండు పీఎస్‌లు పెరగడమే కదా అనుకుంటాం. ట్రాక్ మీద మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు వీ2 మీద గేరు మార్చాల్సి వచ్చే చోట వీ3 మీద మార్చక్కర్లేదు. బండి వాలి ఉండగా గేరు మార్చాల్సిన పని తప్పడం ఎంత ధైర్యమో ఒక్కసారి నడిపితే తెలుస్తుంది. స్లిప్పర్ క్లచ్ కూడా దీనితోనే వచ్చింది. ముందు టైరు 100, వెనక 140 అయ్యాయి.

కానీ వీ3లన్నీ ఒకటి కావు. 2018 బండికి ఏబీఎస్ లేదు. 2019 జనవరి నుంచి రెండు చక్రాలకీ ఏబీఎస్ ఇచ్చారు. 2019 చివర్లో కొత్త పొగ నియమాలకి తగ్గట్టు బీఎస్6 బండి వచ్చింది, పవర్ కొంచెం తగ్గి 18.6 పీఎస్ అయింది. సైడ్ స్టాండ్ వేసి ఉండగా గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోయే స్విచ్ కూడా వచ్చింది. నా మాట వింటే 2019లో తయారైన, ఏబీఎస్ ఉన్న, అంతకుముందు నియమాల బీఎస్4 బండి వెతకండి. దొరక్కపోతే బీఎస్6 తీసుకోండి. ఆ ముప్పాతిక పీఎస్ తేడా కోసం ఏబీఎస్ లేని 2018 బండి మాత్రం తీసుకోకండి. ఒక ఇబ్బంది చెప్పాలి. వీ3 హ్యాండిల్ బాగా కిందకి ఉంటుంది, సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. ట్రాక్‌లో అది చక్కగా కుదురుతుంది. గూడూరు దాటేసరికి మాత్రం మెడ పట్టేస్తుంది. నేను నాయుడుపేటలో ఒకసారి, తడలో ఒకసారి ఆగి టీ తాగి నడుము వాల్చుకుని పోతాను.

వీ4 2021 సెప్టెంబర్‌లో వచ్చింది, అప్పట్లో షోరూమ్ ధర 1.67 లక్షల నుంచి మొదలు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులు తలకిందులుగా వచ్చాయి. యూఎస్‌డీ అంటారు. లావు భాగం పైన గట్టిగా పట్టి ఉంటుంది కాబట్టి గట్టిగా బ్రేక్ వేసినా ముందు భాగం మెలి తిరిగినట్టు అనిపించదు. మలుపులోకి బ్రేక్ వేస్తూనే దూరేటప్పుడు వీ3కీ దీనికీ తేడా చేతులకి స్పష్టంగా తెలుస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. ఎండిన ట్రాక్ మీద 18 పీఎస్ బండికి దాని అవసరం అంతగా రాదు. మన రోడ్ల మీద దాని విలువ వేరు. రొయ్యల లారీలు, చేపల ఆటోలు ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. కోవూరు నుంచి ఇందుకూరుపేట రోడ్డు దాకా ఎక్కడ చూసినా ఆ జిగురు తడే. అలాంటి చోట వెనక చక్రం జారబోతే అది పట్టుకుంటుంది. క్లచ్ పట్టకుండానే గేరు పెంచుకునే క్విక్‌షిఫ్టర్ సంగతి అడగడం మర్చిపోకండి. మొదట్లో రేసింగ్ బ్లూ రంగు బండికీ, ఇందులోనే ఖరీదైన రకం ఆర్15ఎంకీ మాత్రమే ఇచ్చారు. ఎర్ర బండి ఫొటో చూపించి ‘‘క్విక్‌షిఫ్టర్ ఉంది’’ అని ఎవరైనా చెబితే మీరే నడిపి చూసుకోండి.

రోజూ కాలేజీకో ఉద్యోగానికో పోయేది కూడా ఇదే బండి అయితే, ఇంట్లో ఇంకో బండి లేకపోతే, వీ4 తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంటే కొత్త బండికీ రెండేళ్ల వాడిన బండికీ మధ్య దూరం తగ్గింది. అమ్మేవాడు మాత్రం ఇంకా పాత లెక్కే చెబుతుంటాడు. షోరూమ్ ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకుని బేరానికి పోండి.

ఏ తరమో తేల్చుకున్నారు. ఇప్పుడు ఆ తరంలో ఏ బండో తేల్చుకోవాలి. మంచి వీ2 ముందు పాడైన వీ4 ఎందుకూ పనికిరాదు.

మన జిల్లాలో బండి చూసేటప్పుడు మొదట ఉప్పు చూడాలి. మైపాడు, కృష్ణపట్నం, కోడూరు వైపు తిరిగిన బండి, రొయ్యల గుంటల గట్ల మీద నిలబెట్టిన బండి పైకి తళతళలాడుతూ ఉంటుంది. మొన్న ఆ అల్లూరు అబ్బాయితో ఒక వీ3 చూడ్డానికి పోయాను. నీలం రంగు, గీత లేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని, ముందు ఫోర్కు మీదున్న డస్ట్ సీల్‌ని చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పైకి జరిపాను. దాని కింద ఫోర్కు ట్యూబు మీద సూది మొనలంత నల్ల చుక్కలు ఏడెనిమిది కనిపించాయి. ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని గోరుతో నిలువుగా గీయమన్నాను. గోరు ప్రతి చుక్క దగ్గరా తట్టుకుని ఆగుతూ పోయింది. ‘‘ఇది తుడిస్తే పోదా అన్నా?’’ అన్నాడు. అది తుప్పు తిన్న గుంట, తుడిస్తే పోదు. ఆ గుంట సీల్ పెదవిని గీస్తుంది, ఆయిల్ కారుతుంది. కారిన ఆయిల్ డిస్క్ మీద పడితే బ్రేకు జారుతుంది. ట్రాక్ మీద ముందు బ్రేకు జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సీల్ మారిస్తే సరిపోదు, ట్యూబులే మార్చాలి. వీ4లో ఈ చూపు ఇంకా ముఖ్యం. తలకిందుల ఫోర్కులో మెరిసే సన్నటి ట్యూబు కింద, చక్రం పక్కనే ఉంటుంది. ఇసుకా ఉప్పు నీళ్లూ ముందు దానికే తగులుతాయి.

అదే లెక్కన రేడియేటర్ రెక్కలు వేలితో మెల్లగా తాకి చూడండి. పొడిలా రాలితే ఉప్పు తిన్నట్టే. సీటు ఎత్తి వైరింగ్ కప్లర్ ఒకటి విప్పి చూడండి, లోపల పచ్చగా చిలుం పట్టి ఉంటే ఆ బండితో ఏడాదంతా కరెంటు తలనొప్పులే.

తర్వాత పడిన బండా కాదా అని చూడాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఫెయిరింగ్ మీద గీతలు చూసి వెనక్కి పోతారు. ట్రాక్‌లో పడే బండి ఎక్కువగా పక్కకి జారిపోతుంది. ఫుట్ పెగ్ కొస, హ్యాండిల్ చివర, ఇంజిన్ కవర్, ఫెయిరింగ్ ఒక వైపు గీరుకుంటాయి. అవన్నీ మార్చుకునే వస్తువులే. రోడ్డు మీద ఎదురుగా గుద్దిన బండి అలా కాదు, ఫోర్కులూ ఫ్రేమ్ మెడా వంగుతాయి. తర్వాత కొత్త ఫెయిరింగ్ తొడిగి పెడతారు. అందుకే ఐదేళ్ల బండికి అట్ట విప్పినట్టున్న కొత్త ఫెయిరింగ్ చూస్తే నాకు అనుమానం మొదలవుతుంది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పి, టార్చి వేసి ఫ్రేమ్ మెడ దగ్గర చూడండి. హ్యాండిల్ ఆగడానికి చిన్న స్టాపర్ ముక్క ఉంటుంది. కుడికి తిప్పి రెండో వైపూ చూడండి. అది నలిగినా, విరిగినా, దాని చుట్టూ పెయింట్ తేడాగా ఉన్నా ఆ బండి గట్టిగా తగిలించుకుంది. డెల్టాబాక్స్ ఫ్రేమ్ వెల్డింగ్ గీత చేపపొలుసుల్లా ఒకే వరుసగా ఉండాలి. మధ్యలో ముద్దగా ఉంటే బయట అతికించారన్నమాట.

చక్రాల వరుస చూడ్డానికి నా దగ్గర వల దారం ఉంది. మైపాడులో జాలర్లు వాడే నైలాన్ దారం, సాగదు. బండిని వెనక చక్రం ఎత్తి నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్ మీద నిలువుగా పెట్టి, దారాన్ని వెనక టైరుకి చుట్టి, నేల నుంచి జానెడు ఎత్తులో రెండు వైపులా ముందుకి లాగి పట్టుకుంటాం. వెనక టైరు లావు, ముందుది సన్నం కాబట్టి ముందు టైరుకి రెండు వైపులా కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ రెండు వైపులా సమానంగా ఉండాలి. తేడా ఉంటే ముందు చైన్ అడ్జస్టర్ల గీతలు సరి చేసి మళ్లీ చూస్తాను. అప్పటికీ తేడా ఉంటే ఇక ఆ బండి వద్దంటాను. పది నిమిషాల పని. అమ్మేవాడు అది కూడా చేయనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.

ఇంజిన్ విషయంలో ఒక మాట తప్పక గుర్తుపెట్టుకోండి. ఆర్15 సిలిండర్ డయాసిల్ అనే అల్యూమినియం సిలికాన్ పోత. లోపల ఇనుప స్లీవ్ ఉండదు. మామూలు బండ్లకి చేసినట్టు ‘‘బోర్ కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తాం’’ అనే మాట దీనికి కుదరదు. గీతలు పడితే సిలిండరే మార్చాలి. కాబట్టి ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే పోయి, మీ ముందే స్టార్ట్ చేయించండి. సైలెన్సర్ దగ్గర నీలం పొగ వస్తే వద్దు. మీరు పోయేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, ఎందుకు వేడి చేశారో అడగండి. తర్వాత అలాగే ఐడిల్‌లో వదిలేయండి. మన మే నెల ఎండలో పది నిమిషాల్లో రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. ఫ్యాన్ తిరక్కుండా టెంపరేచర్ లైటు వెలిగితే, ఇదివరకు ఎన్నిసార్లు ఉడికిందో ఎవరికి తెలుసు? ఇంజిన్ చల్లారాక కూలెంట్ ట్యాంకు చూడండి. కూలెంట్ రంగు పోయి తుప్పు నీళ్లలా ఉంటే నాకు నచ్చదు. వీ3, వీ4 అయితే నడిపేటప్పుడు ఖాళీ రోడ్డులో రెండో గేరులో 7,400 దాటించి వీవీఏ వెలిగాక లాగుడు పెరుగుతోందో లేదో చూడండి. పాత బండ్లలో ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లు దానికి తగ్గట్టు తయారవుతున్నాయి. అంతకుముందు బండి కొంటే పెట్రోలు పైపులూ ఓ-రింగులూ కొత్తవి వేయించండి, పెద్ద ఖర్చేం కాదు.

కాగితాల దగ్గర మన జిల్లాకి ప్రత్యేకమైన తంటా ఒకటి ఉంది. చెన్నై దగ్గర కాబట్టి టీఎన్ నంబరు బండ్లు మనకి ఎక్కువగా వస్తాయి, ధర తక్కువ. అవి ఎక్కడికీ పోవు, తొందరపడకండి. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, రావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చు కలిపితే చవక కాస్తా పోతుంది. మన నంబరు బండికైనా పేరు మార్పు ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చేటప్పుడే తీసుకోండి. లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, లోను తీరిందనే ఫారం 35 అడగండి. ఫ్రేమ్ మీద కొట్టిన ఛాసిస్ నంబరు ఆర్సీతో పోల్చి చూడండి. పెండింగ్ చలాన్లు అక్కడే ఫోన్‌లో చూసుకోండి.

ఇక డబ్బు. చేతిలో ఉన్నదంతా బండికి పెట్టకండి. ఇది నేను ప్రతి అబ్బాయికీ చెప్పే మాట, వాళ్లు వినని మాట కూడా ఇదే. లెదర్ సూట్, మోకాళ్ల కింద దాకా వచ్చే బూట్లు, గ్లోవ్స్, మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్. వీటికి నలభై వేలైనా ముందే పక్కన పెట్టండి. సూట్ వాడినది దొరికితే తీసుకోవచ్చు, హెల్మెట్ మాత్రం వాడినది వద్దు. తర్వాత టైర్లు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని. ఆరేళ్ల టైరు గాట్లు ఎంత బాగున్నా రబ్బరు రాయిలా అయిపోయి ఉంటుంది, మన ఎండలకి ఇంకా త్వరగా అవుతుంది. అలాంటి టైరుతో ట్రాక్‌కి పోనివ్వను నేను. బ్రేక్ ఆయిల్, కూలెంట్, డిస్క్ ప్యాడ్లు, చైన్ సెట్, హ్యాండిల్ మెడలో ఉండే కోన్ సెట్ బేరింగులు కూడా లెక్కలో వేసుకోండి. ట్రాక్ ఫీజు, పెట్రోలు, దారి ఖర్చు వేరే. ఇవన్నీ తీసేశాక మిగిలిన డబ్బుకి ఏ తరం వస్తుందో అదే మీ తరం. వీ4కి పోయి సూట్ లేకుండా ఉండేకన్నా వీ3 కొని నిండుగా తొడుక్కుని పోవడం నాకు సమ్మతం.

తేల్చుకోలేకపోతే ఇంకొక దారి ఉంది. కొన్ని శిక్షణ కార్యక్రమాల్లో బండీ సూటూ అద్దెకి ఇస్తారు. బండి కొనకముందే ఒక రోజు అలా పోయి రండి. మీకు మలుపంటే ఇష్టమా, స్పీడంటే మాత్రమే ఇష్టమా అన్నది ఆ సాయంత్రానికి తెలిసిపోతుంది. స్పీడు మాత్రమే అయితే ఏ ఆర్15 కూడా మీకు నచ్చదు. ఇంకా పెద్ద ఇంజిన్ కావాలనిపిస్తుంది. మలుపు నచ్చిందంటే మాత్రం ఈ చిన్న బండిని మించింది లేదు. ఆ సరదా పెన్నా బ్రిడ్జి మీదో మినీ బైపాస్‌లోనో తీర్చుకోకండి. మా షెడ్డుకి లారీలో వచ్చిన బండ్లు చూసి చూసి చెబుతున్నాను.

ఆ అల్లూరు అబ్బాయి నీలం బండి వదిలేశాడు. మూడు వారాలు తిరిగి, కందుకూరులో ఒక టీచరు గారి దగ్గర 2019 డిసెంబర్ బీఎస్6 వీ3 పట్టాం. ఎడమ వైపు ఫెయిరింగ్ గీరుకుపోయి ఉంది, ఫుట్ పెగ్ కొస అరిగి ఉంది. స్టాపర్ చెక్కు చెదరలేదు, ఫోర్కులు అద్దంలా ఉన్నాయి, దారం రెండు వైపులా సరిగ్గా సమానంగా వచ్చింది. తొంభై రెండు వేలకి ఇచ్చారు. మిగిలిన డబ్బులో టైర్లు వేయించాం, ఒంగోలులో ఒకతని దగ్గర వాడిన సూట్ దొరికింది. చాలా ట్రాక్ డేలలో, అంటే మనలాంటి వాళ్లు సొంత బండ్లతో ట్రాక్ మీద తిరిగే రోజుల్లో, కూలెంట్ బదులు మామూలు నీళ్లు పోయమంటారు. ఒలికితే కూలెంట్ జారుతుంది, వెనక వచ్చేవాడు పడతాడు. అందుకని ముందు రోజు రాత్రి రేడియేటర్ ఖాళీ చేసి నీళ్లు పోశాం. అద్దాలు విప్పడానికి స్పానర్, లైట్లకి అంటించడానికి టేపు బ్యాగులో పెట్టాం. ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి మా షెడ్డు ముందు నుంచి ఇద్దరం బయల్దేరాం. సూళ్లూరుపేటలో టీకి ఆగినప్పుడు ఆ అబ్బాయి బండి పక్కన కూర్చుని, ఎవరూ చెప్పకుండానే, డస్ట్ సీల్ దగ్గర గోరు పెట్టి చూసుకుంటున్నాడు.